ప్రతి కైలికీ కొత్త పడుగా?

మా మేనత్తది వేలూరు దగ్గరి గుడియాత్తం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. ఐదో తరగతితో చదువు ఆగిపోయినా దినతంతి పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతుంది. ఆమె ఒక ఆసుపత్రిలో పది రోజులుండి ఇంటికొచ్చింది. ఆ ఆసుపత్రి ఏ ఊళ్ళో ఉంది, పేరేమిటి అన్నది ఇక్కడ అనవసరం. ఇంటికి పంపేటప్పుడు నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి పన్నెండో రోజు.

"నాయనా, ఇందులో ఏం రాసుండారో చూడు. మాత్ర ఏసుకుంటే పగలంతా కండ్లు మూతలు పడతా ఉండాయి. పొయ్యి కాడ నిలబడాలంటే భయంగా ఉంది" అంది.

చూశాను. నాలుగో మందు పేరుకెదురుగా రెండే రెండు ఇంగ్లీషు అక్షరాలు: హెచ్.ఎస్. 'హోరా సోమ్నీ' అనే లాటిన్ మాటకు అది పొట్టి రూపం. నిద్రపోయే వేళ అని అర్థం. మా అత్త ఆ మాత్రను పన్నెండు రోజులుగా పొద్దున ఇడ్లీ తిన్నాక వేసుకుంటోంది. మిగతా మూడూ పొద్దున వేసుకోవలసినవే కాబట్టి ఇదీ అంతే అనుకుంది.

డాక్టరు సరిగ్గానే రాశాడు. మందుల షాపు కుర్రాడు సరైన మాత్రే ఇచ్చాడు. తప్పంతా ఆ కాగితాన్ని అచ్చువేసిన సాఫ్ట్‌వేర్‌ది. అంటే నాబోటి వాళ్ళది. ఇరవై ఏళ్ళుగా అలాంటి సాఫ్ట్‌వేర్లే రాసి బతుకుతున్నాను. ఆ పన్నెండు రోజుల్లో ఆమె మంట దగ్గర తూలి పడి ఉంటే ఆ పాపంలో మా వృత్తికి వాటా ఉండేది. కాబట్టి ఈ మాటలు మెత్తగా రాయడం నా వల్ల కాదు.

డాక్టరు రాసింది కంప్యూటరు కడుపులో ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. గళ్ళు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికీ పేరు పెట్టి దాచిన సమాచారం అది. మందు పేరు ఒక గడి, మోతాదు ఒక గడి, వేళ ఒక గడి, ఎన్నాళ్ళు వాడాలన్నది ఇంకో గడి. వేళ అనే గడిలో హెచ్.ఎస్. అని ఉంటుంది. అక్కడ అలా ఉండటంలో తప్పేమీ లేదు, అది యంత్రానికి గుర్తు. ఆ గుర్తును మనిషి చదివే మాటగా మార్చాల్సిన మెట్టు ఒకటుంది. సరిగ్గా ఆ మెట్టు దగ్గరే మా వాళ్ళు చేతులెత్తేసి, గుర్తును గుర్తుగానే కాగితం మీద దించేశారు.

ఆ మెట్టు కోసమే తయారైన భాష ఒకటి ఇరవై ఐదేళ్ళకు పైగా మన మధ్య ఉంది. దాని పేరు ఎక్స్ఎస్ఎల్‌టి. అందులో రాసే ఫైలును స్టైల్‌షీట్ అంటారు. గళ్ళ సమాచారాన్ని రాసే పద్ధతి ఎక్స్ఎంఎల్ 1998 ఫిబ్రవరి 10న వచ్చింది. దాన్ని కావలసిన రూపంలోకి మార్చే ఎక్స్ఎస్ఎల్‌టి 1.0 జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో 1999 నవంబరు 16న ఖరారయింది. మైకేల్ కే చేతుల మీదుగా 2007లో రెండో రూపం, 2017లో మూడో రూపం వచ్చాయి.

1999 నాటి ఆ పత్రంలో వరస సంఖ్యల గురించి ఒక నియమం ఉంది. ఏ లిపిలోని 'ఒకటి' అంకెను నమూనాగా ఇస్తే ఆ లిపిలోనే లెక్క సాగాలని. స్టైల్‌షీట్‌లో ౧ అని రాస్తే కాగితం మీద ౧, ౨, ౩ అని పడాలన్నమాట. ఎక్స్ఎంఎల్ అయితే మొదటి రోజు నుంచీ గడి పేర్లనే తెలుగులో పెట్టుకోనిచ్చింది. <మందు>, <వేళ>, <మోతాదు> అని రాయండి, ఏ పార్సరూ తప్పు పట్టదు. ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని ప్రమాణం రాసినవాళ్ళు మన ఒకటి అంకెకు చోటిచ్చారు. మా అత్త చేతి కాగితంలో తెలుగుకూ చోటు లేదు, తమిళానికీ లేదు.

స్టైల్‌షీట్‌లో ఆ పని ఎంతసేపటిది? వేళ అనే గడి ఎదురైతే అందులోని గుర్తు తీసుకో, మాటల పట్టికలో ఆ గుర్తుకెదురుగా ఉన్న మాట వెతుకు, ఆ మాట రాయి. నాలుగైదు లైన్లు, అంతే. మాటల పట్టిక వేరే ఫైలులో ఉంటుంది. తెలుగు పట్టికలో హెచ్.ఎస్.కు ఎదురుగా 'రాత్రి పడుకునే ముందు'. తమిళ పట్టికలో 'ఇరవు పడుక్కుం మున్'. పి.సి. అనే గుర్తుకు 'అన్నం తిన్నాక'. డాక్టరు తాను అలవాటు పడిన గుర్తుల్లోనే రాసుకుంటాడు. నర్సుకు ఇంగ్లీషు కాగితం వెళుతుంది. రోగికి రోగి భాషలో వెళుతుంది. అన్నిటికీ మూలం ఒకటే కాబట్టి ఒకదాంట్లో పొద్దున, ఇంకోదాంట్లో రాత్రి అని పడే ప్రమాదం ఉండదు. మందు మారిస్తే అన్నిటిలోనూ మారుతుంది.

మరి ఇంత తేలికైన పని ఎందుకు జరగలేదు? దీనికి నా దగ్గర కచ్చితమైన జవాబుంది, ఎందుకంటే అది జరగకుండా పోవడం నా కళ్ళారా చూశాను.

గుడియాత్తం అనగానే కైలీలు, అంటే గళ్ళ లుంగీలు, అగ్గిపెట్టెలు. మా తాత మగ్గం నేసేవాడు. కైలి గళ్ళలో ఎరుపు పక్కన ఎన్ని నల్ల పోగులు, వాటి పక్కన ఎన్ని తెల్ల పోగులు అన్న లెక్క సగం పడుగులోనే తేలిపోతుంది. పడుగు తయారుచేయడం, ఒక్కో పోగునూ అచ్చు అతకడం ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే పని. మా అవ్వ ఎడమ చేతి బొటనవేలి మీద ఆ పోగులు మెలిపెట్టి మెలిపెట్టి ఏర్పడిన గీత చనిపోయే దాకా పోలేదు. అయితే ఒకసారి పడుగు మగ్గానికి ఎక్కిందంటే ఇక నాడె ఆడటమే. ఒక కైలి వెనక ఇంకో కైలి దిగుతూనే ఉంటుంది. ఒక్క కైలి నేసి, పడుగంతా కోసి అవతల పారేసి, రెండో కైలికి మళ్ళీ మొదటి నుంచి పోగులు లెక్కపెట్టిన నేతగాణ్ణి నేను గుడియాత్తంలో చూడలేదు. చీరాలలో, మంగళగిరిలో, పోచంపల్లిలో అడిగినా చూశామని ఎవరూ చెప్పరు.

స్టైల్‌షీట్‌ను కంపైల్ చేయడమంటే పడుగు ఎక్కించడమే. స్టైల్‌షీట్ మనిషి రాసిన పాఠం. దాన్ని యంత్రం ముందు చదవాలి, తప్పులు పట్టాలి. అది పిలిచే మిగతా ఫైళ్ళన్నీ తెచ్చి కలపాలి. ఏ గడికి ఏ సూత్రం వర్తిస్తుందో, రెండు సూత్రాలు పోటీ పడితే దేనిది పైచేయో పట్టిక వేసుకోవాలి. ప్రతి దారినీ, ప్రతి షరతునూ పరుగెత్తగల రూపంలోకి మార్చుకోవాలి. ఇదంతా బరువైన పని. ఇది అయిపోయాక ఒక్కో పత్రాన్ని దానిలోంచి నడిపించడం తేలిక. వెయ్యి పత్రాలున్నా పడుగు ఒక్కటే, నాడె వెయ్యి సార్లు.

ఈ సంగతి పనిముట్లు చేసినవాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. జావాలో దీనికోసమే 'టెంప్లేట్స్' అనే వస్తువును విడిగా పెట్టారు. ఒకసారి తయారుచేసి దాచుకుంటే ఎన్ని థ్రెడ్లయినా ఒకేసారి దాన్ని వాడుకోవచ్చు. 'ట్రాన్స్‌ఫార్మర్' అనేది ఒక్కో పత్రానికి విడిగా పుట్టి పోయేది, దాన్ని థ్రెడ్ల మధ్య పంచుకోకూడదు. సన్ కంపెనీ ఇంకా ముందుకెళ్ళి, స్టైల్‌షీట్‌ను నేరుగా జావా బైట్‌కోడ్‌గా మార్చే ఎక్స్ఎస్ఎల్‌టిసి అనే కంపైలర్ తయారుచేసి అపాచీకి ఇచ్చేసింది. 2004లో వచ్చిన జావా 5 నుంచి మామూలుగా దొరికేది అదే. మైక్రోసాఫ్ట్ 2005లో డాట్‌నెట్ 2.0తో పాత పనిముట్టును పక్కకు నెట్టి, పేరులోనే 'కంపైల్డ్' అని పెట్టి కొత్తది తెచ్చింది. మైకేల్ కే చేసిన శాక్సన్ అయితే కంపైల్ చేసిన స్టైల్‌షీట్‌ను ఒక ఫైలుగా దాచి వేరే చోటికి పంపించుకోనిస్తుంది. ఇన్ని దశాబ్దాలుగా ఇంతమంది చేతులెత్తి మొత్తుకుంటున్నది ఒక్కటే: ఒకసారి కంపైల్ చేయండి, దాచుకోండి, మళ్ళీ మళ్ళీ వాడండి.

ఇప్పుడు నా కళ్ళతో చూసిన సంగతి. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, పేరు వద్దు, వేల కొద్దీ రోగుల కాగితాలు రాత్రిపూట ఒకేసారి తయారుచేసే ప్రోగ్రాం ఉండేది. కాగితాలు స్టైల్‌షీట్ల ద్వారానే తయారయ్యేవి. ఒక సీనియరు ఎంతో ఓపికగా రాసిన స్టైల్‌షీట్లవి. భాష మార్చే ఏర్పాటు కూడా అందులో పెట్టాడు, తెలుగు, తమిళం, కన్నడం పట్టికలు సగం నింపి ఉన్నాయి. కానీ ఆ ప్రోగ్రాం రాత్రి పదింటికి మొదలైతే తెల్లారినా అయ్యేది కాదు. పొద్దున్నే ఫోన్లు, తిట్లు. మీటింగులో ఒక మేనేజరు తీర్పు చెప్పేశాడు, ఎక్స్ఎస్ఎల్‌టి స్లో అట, తీసేయాలట. నెల తిరక్కుండా స్టైల్‌షీట్లన్నీ పక్కన పెట్టి, జావా కోడులోనే ఇంగ్లీషు మాటల తుంపులు ఒకదానికొకటి అతికించి కాగితం తయారుచేయడం మొదలుపెట్టారు. తెలుగు పట్టిక, తమిళ పట్టిక, కన్నడ పట్టిక మూడూ ఆ రోజే పోయాయి.

ఆ పాత కోడు నేను తర్వాత తెరిచి చూశాను. పత్రాల మీద తిరిగే లూపు ఉంది. ఆ లూపు లోపల మొదటి లైనే స్టైల్‌షీట్‌ను డిస్కు మీద నుంచి చదివి కంపైల్ చేసే లైను. ప్రతి రోగికీ ఒకసారి. వెయ్యి మందికి వెయ్యి సార్లు. ప్రతి కైలికీ కొత్త పడుగు! ఆ ఒక్క లైనును లూపు బయటికి తీసి నడిపిస్తే, నేను కిందికి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. రాత్రంతా పట్టే పని. నాకు కలిగింది సంతోషం కాదు, ఒళ్ళు మండిపోయింది. ఒక లైను ఉండకూడని చోట ఉన్నందుకు ఒక పద్ధతినే ఉరితీశారు. ఆ ఉరితో పాటు మూడు భాషలు పోయాయి. చూపించాను. "ఇప్పుడెందుకులే, కొత్తది నడుస్తోందిగా" అన్నారు.

ఇది ఒక్క కంపెనీ కథ అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. ఆ తర్వాత నేను పనిచేసిన చోట్ల, స్నేహితులు చూపించిన కోడులో, ఇదే లూపు, ఇదే లైను, ఇదే తీర్పు మళ్ళీ మళ్ళీ ఎదురయ్యాయి. డాట్‌నెట్ వైపు ఇంకో రకం ఘోరం ఉంది. స్క్రిప్టు ముక్కలున్న స్టైల్‌షీట్‌ను ప్రతిసారీ కొత్తగా లోడు చేస్తే, ప్రతిసారీ ఒక కొత్త అసెంబ్లీ మెమరీలోకి వచ్చి కూర్చుంటుంది, ఇక కదలదు. సర్వరు మెల్లగా నిండిపోయి కూలుతుంది. కూలినప్పుడు తిట్లు ఎవరికి? స్టైల్‌షీట్‌కి. వాడే పద్ధతి తెలియని చేతులకు ఒక్క మాట కూడా తగలదు.

అవతలి వాళ్ళ వాదన నాకు తెలియంది కాదు. ఎక్స్ఎస్ఎల్‌టి రాత పొడుగు. ట్యాగుల అడవిలా ఉంటుంది. నిజం. గడి పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే ఏ కేకా వేయకుండా ఆ గడిని వదిలేసి పోతుంది. ఇది ఇంకా పెద్ద నిజం, మందుల కాగితంలో ఇది ప్రాణాంతకం కూడా. అందుకే పత్రం రూపాన్ని ముందే చెప్పి, కంపైల్ చేసేటప్పుడే ఆ తప్పులు పట్టుకునే ఏర్పాటును 2.0లోనే పెట్టారు. కంపైల్ చేయడమంటే వేగం ఒక్కటే అనుకునేవాళ్ళు ఇది గమనించాలి: రోగి కాగితం అచ్చు కాకముందే తప్పు దొరకడం. జావాలో ఒక మెథడ్‌కు 64 కిలోబైట్ల హద్దుంది, మరీ పెద్ద సూత్రం రాస్తే పాత ఎక్స్ఎస్ఎల్‌టిసి దాన్ని మింగలేక మొరాయించేది. ఇదీ నిజమే. సూత్రాన్ని రెండుగా విడగొడితే పోయేది. వీటిలో ఏదీ ఒక రోగిని చీకట్లో ఉంచడానికి సరిపడే కారణం కాదు.

"ఇప్పుడంతా జేసన్ కదా" అంటారు. గళ్ళ సమాచారాన్ని రాసే ఇంకో పద్ధతి అది. మన ఆదాయపు పన్ను రిటర్నులు కూడా 2021లో ఎక్స్ఎంఎల్ వదిలి జేసన్‌కు మారాయి. మారనివ్వండి. ఎక్స్ఎస్ఎల్‌టి 3.0 జేసన్‌ను కూడా చదువుతుంది, రాస్తుంది. ఈ వాదన చేసేవాళ్ళలో ఎక్కువమంది 3.0 పత్రం తెరిచి చూడలేదు. 1999 నాటి 1.0ను చూసి, అదే ఎక్స్ఎస్ఎల్‌టి అనుకుని ముఖం తిప్పుకున్నారు.

అలా అనుకోవడంలో బ్రౌజర్ల పాపం ఎంతో ఉంది. బ్రౌజర్లు 1.0 దగ్గరే ఆగిపోయాయి. ఒక ఉదాహరణ చాలు. మనం పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేల అయిదువందల అరవై ఏడును 12,34,567 అని రాస్తాం. 1.0లో అంకెల రూపం పాత జావా పద్ధతి మీద ఆధారపడింది. దానికి అన్ని చోట్లా ఒకే కొలతతో చేసే విభజన ఒక్కటే తెలుసు, మూడేసి చొప్పున అంటే 1,234,567 అనే వేస్తుంది. లక్ష దగ్గర కామా ఎక్కడ పడాలో చెప్పే వీలు 2.0లో వచ్చింది. అంటే 2007లో సమస్య తీరింది, బ్రౌజరులో ఎప్పటికీ తీరలేదు. కోట్ల మంది లక్షల్లో లెక్కపెట్టే దేశం ఇది. దాని కోసం ఒక్క కంపెనీ కూడా కదల్లేదు.

ఇప్పుడు ఆ పాతదాన్ని కూడా ఊడబెరుకుతున్నారు. క్రోమ్ తన బ్రౌజరులోంచి ఎక్స్ఎస్ఎల్‌టిని తీసేస్తానని 2025లో ప్రకటించింది. కారణం భద్రత. లోపల ఉన్న లిబ్‌ఎక్స్ఎస్ఎల్‌టి అనే పాత లైబ్రరీలో లోపాలు దొరుకుతున్నాయి, అదే ఏడాది దాని నిర్వాహకుడు తప్పుకున్నాడు. ఇన్ని కోట్ల యంత్రాల్లో నడిచే లైబ్రరీ బరువును స్వచ్ఛందంగా మోసేవాళ్ళ భుజాల మీద వదిలేసి, వాళ్ళు అలసిపోయాక 'దీన్ని ఎవరూ చూసుకోవడం లేదు కాబట్టి తీసేస్తున్నాం' అనడం అన్యాయం. చూసుకోవడానికి డబ్బుంది, మనుషులున్నారు. మనసు లేదు. అయినా ఇది మన పనిని ఆపదు. కంపైల్ చేసిన స్టైల్‌షీట్‌ను బ్రౌజరులో నడిపించే శాక్సన్‌జేఎస్ ఉంది, పైసా కట్టక్కర్లేదు. సర్వరు వైపైతే అసలు బ్రౌజరుతో పనే లేదు.

వైద్య పత్రాల విషయంలో మన నిర్లక్ష్యం ఎంత పాతదో కూడా చెప్పాలి. రోగి పత్రాలకు ఎక్స్ఎంఎల్ రూపం ఇచ్చిన సిడిఏ అనే ప్రమాణం రెండో విడుదల 2005లో వచ్చింది. దానితో పాటు ఒక నమూనా స్టైల్‌షీట్ ఇచ్చారు, ఇలా చూపించవచ్చు సుమా అని. చాలా చోట్ల ఆ నమూనానే కాపీ చేసుకుని అలాగే వాడేశారు. 2014లో జోష్ మాండెల్ అనే వైద్యుడు అందులో దొంగలు దూరగల కన్నాలున్నాయని చూపిస్తే గానీ చాలామంది ఆ ఫైలు తెరిచి చూడలేదు. నమూనా ఇంగ్లీషులో ఉంది కాబట్టి కాగితమూ ఇంగ్లీషులోనే పడుతూ వచ్చింది. మన దేశం 2013లో వైద్య రికార్డులకు ప్రమాణాలు ప్రకటించింది, 2016లో సవరించింది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలయింది. అది వాడే ఫైర్ ప్రమాణంలో పత్రాన్ని ఎక్స్ఎంఎల్‌లోనూ రాయవచ్చు, జేసన్‌లోనూ రాయవచ్చు. వేళకు గుర్తుల పట్టిక ఉంది, అందులో హెచ్.ఎస్. కూడా ఉంది. ఇక మిగిలింది ఆ గుర్తుకు ఎదురుగా నాలుగు తెలుగు మాటలు రాయడం. ఆ నాలుగు మాటలు ఎవరు రాయాలి? ఢిల్లీ నుంచి ఎవరో వచ్చి రాస్తారని కూర్చుంటే మా అత్తలాంటి వాళ్ళు ఇంకో పన్నెండు రోజులు పొద్దున్నే ఆ మాత్ర మింగుతారు.

మా వైపు తెలుగూ తమిళమూ కలిసి బతకడం ఇవాళ్టిది కాదు. మా పెద్దవాళ్ళు వేలూరును రాయవేలూరు అంటారు. చిన్నబొమ్మ నాయకుడి కాలం నాటి కోట అక్కడ ఇంకా నీళ్ళ మధ్య నిలబడి ఉంది. విజయనగర రాయలు చివరికి అక్కడే కొలువు తీరారు. ఇవతల చిత్తూరు, పలమనేరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒకే లెక్క. ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల సీఎంసీగా పెరిగాక చిత్తూరు, కడప, అనంతపురం, నెల్లూరు నుంచి జనం వేలూరు బస్సెక్కడం ఒక రివాజు అయిపోయింది. వేలూరు బస్టాండులో దిగి తెలుగులో దారి అడిగితే తెలుగులో జవాబు వస్తుంది. కాట్పాడి నుంచి కె.వి.కుప్పం మీదుగా గుడియాత్తం వెళ్ళే బస్సులో కూర్చోండి. ఒక సీటులో తమిళం, ముందు సీటులో తెలుగు, వెనక ఉర్దూ. కండక్టరు మూడిట్లోనూ చిల్లర ఇవ్వమని అడుగుతాడు. మనుషులు ఇంత తేలికగా చేసే పనిని మా సాఫ్ట్‌వేర్ ఎందుకు చేయలేకపోతోంది?

ఇంకో చిక్కు ఉంది, దీన్ని హైదరాబాదులో, విజయవాడలో కూర్చున్నవాళ్ళు గుర్తించరు. మా అత్తకు తెలుగు కాగితం ఇస్తే ఆమె చదవలేదు. లిపి రాదు. మా తరువాతి తరం పిల్లలకు అసలే రాదు. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది, తెలుగు ఇంటి మాటగా మిగిలింది. అలాంటి ఇంట్లో కావలసింది తెలుగు మాటలు, తమిళ అక్షరాల్లో. మా ఇంట్లో ఉత్తరాలు అలాగే రాసుకునేవాళ్ళు. 'పడుకునే ముందు' అన్నదాన్ని తమిళ అక్షరాల్లో రాస్తే డకు, టకు తేడా ఉండదు, అయినా మా అత్త చదివి అర్థం చేసుకుంటుంది, ఎందుకంటే ఆ మాట ఆమె నాలుక మీద ముందే ఉంది. స్టైల్‌షీట్ ఉన్న చోట ఇది ఇంకో పట్టిక మాత్రమే. ఇంగ్లీషు ముక్కలు అతికించిన కోడులో అయితే ఇది జరగని పని. ప్రతి ముక్కనూ వెతికి పట్టుకుని, నాలుగు విధాలుగా రాసి, నాలుగు చోట్ల షరతులు పెట్టాలి. ఎవరూ పెట్టరు. పెట్టలేదు కూడా.

పీడీఎఫ్‌లో తెలుగు ఒత్తులు విరిగిపోతాయని భయపెట్టేవాళ్ళు ఒకరుంటారు. ఒకప్పుడు విరిగేవి. పీడీఎఫ్ తయారుచేసే అపాచీ ఎఫ్‌ఓపీలో సంక్లిష్ట లిపుల ఏర్పాటు 2012లో 1.1 వచ్చేదాకా లేదు. ఈ రోజు స్టైల్‌షీట్ హెచ్‌టిఎంఎల్ తయారుచేస్తే బ్రౌజరు ఒత్తులన్నీ సరిగ్గా పేర్చి అచ్చు వేస్తుంది. ఎన్నో ఏళ్ళ కిందటి సాకును ఇంకా మోయడం మానండి.

ఉద్యోగాలకు వచ్చే పిల్లల్ని నేను ఇంటర్వ్యూ చేస్తుంటాను. చురుకైన పిల్లలు. ఒక పత్రాన్ని ఇంకో రూపంలోకి మార్చమంటే వెంటనే లూపు రాస్తారు, లోపల తుంపులు అతికిస్తారు. లూపులో ప్రతిసారీ ఏ పని జరుగుతోంది, ఏ పని ఒక్కసారి జరిగితే చాలు అని అడిగితే బిక్కముఖం వేస్తారు. స్టైల్‌షీట్ అంటే రంగులు, ఫాంట్లు అనుకుంటారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకు చెప్పినవాళ్ళది. సమాచారం వేరు, దాన్ని చూపించే తీరు వేరు అన్న సంగతి కంప్యూటరు విద్యలో రెండో నెలలో చెప్పాల్సిన పాఠం. అది రానివాడికి ఎన్ని ఫ్రేంవర్కులు వచ్చినా మా అత్త కాగితం ఇంగ్లీషులోనే పడుతుంది.

ఆ రోజు నేను ఆ కాగితం వెనక పెన్సిలుతో తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు రాసిచ్చాను. మూడు మందుల ఎదురుగా 'పొద్దున తిన్నాక'. నాలుగోదానికి 'రాత్రి పడుకునే ముందు'. ఆమె వేలుపెట్టి ఒక్కో మాటా పైకి చదివి, "ఇంతేనా నాయనా? ఇది ముందే రాయగూడదా?" అంది. వారం తర్వాత ఫోను చేస్తే పగటి మత్తు పోయిందని చెప్పింది. ఆ కాగితం ఇప్పటికీ ఆమె దేవుడి గూట్లో ఉంది.

వేలూరులో, కాట్పాడిలో చదువుకుంటున్న తెలుగు పిల్లలారా, చెన్నైలో, బెంగుళూరులో, హైదరాబాదులో ఆసుపత్రులకూ బ్యాంకులకూ బీమా కంపెనీలకూ కోడు రాస్తున్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా! ఈ రాత్రే మీ ప్రాజెక్టు తెరవండి. పత్రాల మీద తిరిగే లూపు వెతకండి. స్టైల్‌షీట్‌ను కంపైల్ చేసే లైను దాని లోపల ఉంటే బయటికి తీయండి. స్టైల్‌షీట్‌నే తీసేసి ఉంటే మీ పాత కోడు భద్రంగానే ఉంటుంది, వెతికి మళ్ళీ పెట్టండి. దాని పక్కన తెలుగు మాటల ఫైలు ఒకటి తెరవండి. మందు వేళలకు కావలసిన మాటలు కొన్నే. ఏ మాట రాయాలో తోచకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను చేసి అడగండి, వాళ్ళు చెప్పిందే రాయండి.